రాయగడ మెయిన్ రోడ్డులో కొట్లు తగ్గి ఫైనాన్స్ ఆఫీసులు పెరిగితే ఊరు ఎదిగినట్టేనా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి రెండు సంగతులు. మీ నాన్నగారి కిరాణా, చింతపండు కొట్టు ఉన్న వీధిలో పదేళ్ల కిందట ఎరువుల కొట్లు, బట్టల కొట్లు, గోదాములు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో రెండు గోల్డ్ లోన్ ఆఫీసులు, మేడ మీద మూడు మైక్రోఫైనాన్స్ (తాకట్టు లేని చిన్న అప్పుల) బ్రాంచీలు, ఒక బైక్ ఫైనాన్స్ వచ్చాయి. కాలేజీ పుస్తకంలో మాత్రం ఆర్థిక రంగం వాటా పెరగడం అభివృద్ధికి గుర్తు అని రాశారు. ఇందులో ఏది నిజం అన్నది నీ మొదటి ప్రశ్న. మీ బావగారు డైలీ ఫైనాన్స్ పెడదాం, ఐదు లక్షలు తెమ్మంటున్నారు, పెట్టాలా వద్దా అన్నది రెండోది. నువ్వు వేరువేరుగా అడిగావు గానీ రెండూ ఒకటే.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పైమూడేళ్లు చేసి రిటైరయ్యాను. సగానికి పైగా సర్వీసు ఒడిశాలో మన పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురాల్లోనే గడిచింది. కాబట్టి పుస్తకం సంగతి పక్కన పెట్టి నేను చూసింది చెబుతాను.

మన ప్రాంతానికి ఫైనాన్స్ కొత్తగా రాలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి ఈ తాలూకాలు మద్రాసు నుంచి విడిపోయాయి. అంతకు చాలా ముందే పార్వతీపురం, సాలూరు వైపు నుంచి మన తెలుగు సాహుకార్లు కొండ ఎక్కారు. ఉప్పు, గుడ్డ, పొగాకు తెచ్చేవారు. చింతపండు, పసుపు, అలసందలు, ఆముదాలు పట్టుకెళ్లేవారు. మధ్యలో నడిచిందంతా అప్పే. పంట రాకముందే ధర కట్టేసేవారు. అప్పు తీరకపోతే మనిషినే పనికి రాయించుకునేవారు. కోరాపుట్ వైపు దీన్ని గోతి అనేవారు. దాన్ని రద్దు చేయడానికి 1948లో ప్రత్యేకంగా ఒక రెగ్యులేషన్ తేవాల్సి వచ్చింది. మన వాళ్లలో పెద్దలు "ఆ రోజుల్లో నోటి మాట మీద వ్యాపారం" అని మురిసిపోతుంటారు. నోటి మాట నిజమే. తూకపు రాళ్లు మాత్రం రెండు రకాలు ఉండేవి. అందుకని సాహుకారు కాలాన్ని పొగడటానికి నేనీ సమాధానం రాయడం లేదు.

అయినా ఒక సంగతి గమనించు. సాహుకారు వడ్డీ నూటికి మూడు, ఐదు ఉన్నా ఆ డబ్బు ఊళ్లోనే ఉండేది. దానితోనే గోదాం కట్టాడు, బియ్యం మిల్లు పెట్టాడు, సత్రం కట్టించాడు. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు కూడా ఈ కోవలోదే. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా 1900లో వేసిన ఆ లైను 1931 నాటికి గుణుపురం చేరింది. అక్కడి డబ్బు అక్కడే పట్టాలైంది. ఇప్పటికీ ఆ దారినే, గేజ్ మారాక, గుణుపురం రైలు నడుస్తోంది. నేను ఫైనాన్స్‌ను కొలిచే పద్ధతి ఇదే. ఎంత అప్పు ఇచ్చారన్నది కాదు, ఇచ్చాక ఊళ్లో ఏం మిగిలిందన్నది చూస్తాను.

1969లో పద్నాలుగు బ్యాంకులు జాతీయమయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో లీడ్ బ్యాంక్ పథకం వచ్చింది, అంటే జిల్లాకో బ్యాంకుకు ముఖ్య బాధ్యత అప్పగించడం. 1980లో జాతీయమైన ఆరింటిలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. మచిలీపట్నంలో 1923లో పుట్టిన బ్యాంకు గంజాం జిల్లాకు లీడ్ బ్యాంకు అయిందంటే మన సరిహద్దు సంగతి అర్థమవుతుంది. మా మేనత్త బరంపురంలో పాస్‌బుక్కును "మన ఆంధ్రా బేంకీ" అనేది, సొంత మేనమామ ఊరి పేరు చెప్పినట్టు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది, కౌంటరు అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ బ్యాంకులన్నీ మన దగ్గర డిపాజిట్లు బాగా సేకరించాయి. పేపరు మిల్లు జీతాలు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్ జీతాలు, టీచర్ల జీతాలు, సూరత్ నుంచి, కేరళ నుంచి కుర్రాళ్లు పంపే డబ్బు, అన్నీ బ్యాంకులోకే వచ్చాయి. అప్పులు మాత్రం ఆ మేరకు ఇవ్వలేదు. నేనూ ఇవ్వలేదు. గుణుపురంలో ఫీల్డ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు ఐఆర్‌డీపీ అనే ప్రభుత్వ పేదల పథకం కింద మేకల లోన్లు ఇచ్చాం. మేకలు చచ్చిపోయాయి, లేదా చచ్చిపోయాయని రాశారు. ఆ దెబ్బతో చిన్న అప్పంటేనే మాకు భయం పట్టుకుంది. ఇరవై వేల లోన్‌కు, ఇరవై లక్షల లోన్‌కు కాగితాల పని ఒకటే. మేనేజరు దేన్ని ఎంచుకుంటాడు?

ఆ ఖాళీలోకి మైక్రోఫైనాన్స్ వచ్చింది. వాళ్ల దగ్గరున్న డబ్బు ఎక్కడిది? చాలా మటుకు బ్యాంకులదే. బ్యాంకు తన అప్పుల్లో 40 శాతం వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాలి. మైక్రోఫైనాన్స్ కంపెనీకి ఇచ్చి, ఆ కంపెనీ పేదలకిస్తే అది కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఇప్పుడు చూడు. మీ నాన్నగారి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు బ్యాంకు ఆరేడు శాతం ఇస్తుంది. ఆ డబ్బు భువనేశ్వర్‌కో, బెంగుళూరుకో, ముంబైకో వెళ్లి కంపెనీకి పది, పన్నెండు శాతానికి అప్పుగా మారుతుంది. తిరిగి మీ వీధి మేడ మీదకొచ్చి మీ కొట్లో సామాను కొనే ఆవిడకు 22 నుంచి 26 శాతానికి దొరుకుతుంది. మీ డబ్బే ఊరంతా తిరిగి మూడింతలు బరువెక్కి మీ గుమ్మం ముందుకు వచ్చిందన్నమాట. దారిలో జీతాలు, అద్దెలు, లాభాలు ఎవరెవరికో చేరాయి. రాయగడకు చేరింది మేడ అద్దె, నలుగురు కుర్రాళ్ల జీతం.

"అయితే వాళ్లు దోపిడీదారులేనా?" అంటే, అలా అనను. 24 శాతం అంటే మన భాషలో రెండు రూపాయల వడ్డీ. సాహుకారు దగ్గర ఐదు రూపాయలకు తెచ్చుకునే మనిషికి అది మేలే. తాకట్టు అడగరు, ఇంటి దగ్గరికే వస్తారు, ముఖం చిట్లించరు. మా బ్రాంచీలో ఒక సవర ఆవిడ పసుపు పెట్టుబడికి లోన్ కోసం నాలుగుసార్లు కొండ దిగింది. నాలుగుసార్లూ ఏదో ఒక కాగితం తక్కువని తిప్పి పంపాం. బస్సు చార్జీలూ, పోయిన కూలీ కలిపితే ఆవిడకు మా చౌక లోన్ ఎంత పడినట్టు?

ఇబ్బంది వడ్డీలో కంటే కిస్తీలో ఉంది. మీ జిల్లాలో పత్తి డబ్బు సంక్రాంతికి అటూ ఇటూ చేతికొస్తుంది. చింతపండు డబ్బు వేసవిలో వస్తుంది. కిస్తీ మాత్రం వారం వారం, లేదా పదిహేను రోజులకోసారి రావాలి. ఆషాఢంలో, శ్రావణంలో చేతిలో ఏముంటుంది? కాబట్టి మొదటి కంపెనీ కిస్తీ రెండో కంపెనీ లోన్‌తో కడతారు, రెండోదాని కోసం చెవి కమ్మలు గోల్డ్ లోన్ ఆఫీసుకు చేరతాయి. నీ వీధిలో ఆ మూడు రకాల ఆఫీసులూ పక్కపక్కనే ఉండటం వాస్తు కోసం కాదు. ఒకరి కస్టమరే ఇంకొకరి కస్టమరు. ఇప్పుడు ఒడిశా ప్రభుత్వ సుభద్ర పథకం కింద ఏడాదికి రెండు దఫాలుగా ఆడవాళ్ల ఖాతాల్లో ఐదేసి వేలు పడుతున్నాయి కదా. ఆ వారం కిస్తీ వసూలు ఎంత సాఫీగా సాగుతుందో మేడ మీది కుర్రాళ్లలో ఎవరినైనా టీ తాగిస్తూ అడుగు.

ఇది ఎటు పోతుందో ఒకసారి చూశాం కూడా. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. రిజిస్ట్రేషన్ ఉండాలి, వారం కిస్తీ బదులు నెల కిస్తీ, ఇళ్ల మీద పడకూడదు అని. అప్పుడు నేను పర్లాకిమిడిలో ఉన్నాను. అవతలి పాతపట్నం ఎంత దూరం, సైకిల్ మీద వెళ్లి వచ్చేయొచ్చు. అక్కాచెల్లెళ్లు, అక్క పాతపట్నంలో, చెల్లి ఇక్కడ. అక్క కిస్తీ కట్టడం ఆపేసింది, ఊళ్లో అందరూ ఆపేశారు. చెల్లెలు మాత్రం ప్రతి వారం కడుతూనే ఉంది. పండక్కి కలిసినప్పుడు ఈ విషయం మీదే ఇద్దరికీ మాటా మాటా వచ్చిందని మా క్యాషియరు చెప్పాడు. "నువ్వు కట్టకపోతే నీ పేరు పోతుంది" అని చెల్లి, "కడితే నా పుస్తె పోతుంది" అని అక్క. ఆంధ్రలో తలుపులు మూసుకున్నాక కంపెనీలు ఒడిశా, బీహార్ వైపు జోరు పెంచాయి. మన వైపు ఇన్ని బోర్డులు రావడం వెనక ఆ కథ కూడా ఉంది.

రిజర్వ్ బ్యాంకు ఊరుకోలేదు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ లోన్. ఆ కుటుంబం కట్టే కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. మీ కొట్టుకొచ్చే ఆడవాళ్లకు ఈ నాలుగు ముక్కలు చెప్పు, వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. కానీ నెల ఆదాయం ఎంతని కాగితం మీద రాసేది ఎవరు? లోన్ టార్గెట్ ఉన్న కుర్రాడే. పదివేల ఆదాయం కాగితం మీద ఇరవై వేలవుతుంది.

నువ్వు ప్రాజెక్టు రాస్తున్నానన్నావు కాబట్టి ఇంకో మెలిక చెబుతాను. జిల్లా స్థాయి బ్యాంకర్ల మీటింగుల్లో సీడీ రేషియో అని చదువుతారు. నూరు రూపాయల డిపాజిట్‌కు ఆ జిల్లాలో ఎంత అప్పిచ్చారు అని. 40 కంటే తగ్గితే ప్రత్యేక సబ్ కమిటీ వేయాలి. నేను అలాంటి మీటింగుల్లో కూర్చుని బిస్కట్లు తిన్నవాణ్ణే. ఆ అంకెను నమ్ముకుని ప్రాజెక్టు రాయకు. పెద్ద ఫ్యాక్టరీ అప్పు ముంబైలో మంజూరవుతుంది, ఖర్చు మీ జిల్లా కాశీపూర్ దగ్గర అవుతుంది. అందుకే రిజర్వ్ బ్యాంకు మంజూరైన చోటు, వాడిన చోటు అని రెండు లెక్కలు వేస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకో. అలాగే మేడ మీది మైక్రోఫైనాన్స్ అప్పు జిల్లా బ్యాంకుల అప్పుగా కనిపించదు, ఎందుకంటే బ్యాంకు అప్పిచ్చింది కంపెనీ హెడ్డాఫీసు ఉన్న ఊళ్లో. కాగితం మీద అప్పు తక్కువున్న జిల్లాలో మనుషులు మెడ లోతు అప్పులో ఉండొచ్చు.

రైల్వే డివిజన్ వస్తోందని మీ ఊళ్లో ప్లాట్ల రేట్లు పెరిగాయని రాశావు. 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, నిజమే. ఉద్యోగాలు, క్వార్టర్లు, హోటళ్లు వస్తే మంచిదే. గోల్డ్ లోన్ తీసి ప్లాటుకు అడ్వాన్సు ఇవ్వడం మాత్రం వేరే వ్యవహారం. పైగా రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా. 1956 రెగ్యులేషన్, దాని 2002 సవరణ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసీయేతరుల పేరు మీదకు మారదు. బినామీ పేరు మీద కొన్నాం అని చెప్పేవాడి దగ్గర ఒక్క రూపాయి పెట్టొద్దు.

ఇక్కడ నా ఇంటి సంగతి కూడా చెప్పకపోతే తప్పు. 2012లో బరంపురంలో ఉండగా పక్కింటి ఆయన ఒక డిపాజిట్ కంపెనీ ఏజెంటు. ఆరేళ్లలో రెట్టింపు అన్నాడు. బ్యాంకు ఆఫీసరు భార్య అయ్యుండి మా ఆవిడ నాకు చెప్పకుండా అరవై వేలు కట్టింది. మరుసటి ఏడాది ఆఫీసుకు తాళం. 2013లో ఒడిశా అంతటా ఇలాంటివి కుప్పకూలాయి, రాష్ట్రం విచారణ కమిషన్ వేసింది, 2014 మేలో సుప్రీంకోర్టు కేసులను సీబీఐకి అప్పగించింది. పత్రికలు వాటిని చిట్ ఫండ్ స్కామ్ అన్నాయి. మన తెలుగువాళ్లకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది, ఎందుకంటే వాటిలో చాలా వాటికీ చీటీకీ సంబంధమే లేదు. చీటీ అంటే ఇరవై మంది, ఇరవై నెలలు, పాట, కసరు (పాటలో తగ్గిన డబ్బు అందరికీ పంచడం). 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీలో ఫోర్‌మన్ (చీటీ నడిపేవాడి) కమిషన్ గరిష్ఠంగా ఏడు శాతం, 2019 దాకా అది ఐదే. దాన్లో నీ డబ్బు ఎవరి చేతిలో ఉందో నీకు తెలుస్తుంది. ఆ కంపెనీల్లో తెలిసేది కాదు. పక్కింటి ఆయన కూడా మోసపోయినవాడే, తన తమ్ముడి డబ్బు కూడా పెట్టాడు. ఇప్పటికీ ఎదురుపడితే తల దించుకుంటాడు.

సరే, మీ బావగారి డైలీ ఫైనాన్స్. ఆయన చెప్పిన పద్ధతి పాతదే. పదివేల నోటు రాయించుకుని తొమ్మిది వేలు చేతికివ్వడం, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేయడం. "నూటికి పది మాత్రమే" అంటారు. ఇచ్చింది తొమ్మిది వేలే, అదీ రోజురోజుకూ తిరిగి వచ్చేస్తోంది కాబట్టి కూరగాయలమ్మే ఆవిడకు అది ఏడాదికి దాదాపు 78 శాతం పడుతుంది. బైక్ ఫైనాన్స్ వాళ్ల "12 శాతం ఫ్లాట్" (అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదే వడ్డీ) కూడా ఇదే గారడీ. మూడేళ్ల లోన్‌కు తగ్గే అసలు మీద లెక్క వేస్తే 21 దాటుతుంది. అందుకే 2024 అక్టోబరు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు లోన్ నిజంగా ఎంత పడుతుందో ఏడాది శాతంలో ఒక కాగితం మీద రాసి ఇచ్చి తీరాలి.

78 శాతం అని విని నీకు ఆశ పుట్టొచ్చు. లెక్క చూడు. వసూలైంది వెంటనే మళ్లీ తిప్పుతూ పోతే ఐదు లక్షలతో సుమారు 110 మందికి ఇవ్వొచ్చు. నూరు రోజులకు మనిషికి వెయ్యి, అంటే లక్షా పదివేలు. వసూలు కుర్రాడు, పెట్రోలు, నోటు కాగితాలు దానిలోంచే. పన్నెండు మంది మొదట్లోనే ఊరు విడిచిపోతే ఆ లాభం మొత్తం పోయింది. మన ఊళ్ల నుంచి వలస పోవడం ఎంత తేలికో నీకు తెలుసు, సాయంత్రం రైలెక్కితే ఎల్లుండికి కేరళ. అప్పుడు వసూలు కోసం ఇంటి ముందు నిలబడాల్సింది కుర్రాడు కాదు, నువ్వు. అదీగాక రిజిస్ట్రేషన్ లేకుండా వడ్డీ వ్యాపారం చేయడం 1939 నాటి మనీ లెండర్స్ చట్టానికి విరుద్ధం. షెడ్యూల్డ్ ఏరియాలో దాని మీద 1967 రెగ్యులేషన్ లైసెన్సు కూడా కావాలి. బావగారు లైసెన్సు ఊసే ఎత్తలేదని నువ్వే రాశావు.

పెట్టొద్దు. బంధుత్వం చెడుతుందని టెన్షన్ పడుతున్నావు గానీ, పెట్టాక చెడితే ఇంకా ఘోరంగా చెడుతుంది. ఇప్పుడే "నాన్నగారు ఒప్పుకోలేదు" అను. నాన్నగార్లు ఉన్నది అందుకే.

నీ ఉత్తరంలో నువ్వు పట్టించుకోని వాక్యం ఒకటుంది. మార్చిలో చింతపండు చౌకగా వచ్చినప్పుడు డబ్బు చాలక సగమే కొంటున్నాం, మిగతాది సాలూరు వ్యాపారులు పట్టుకుపోతున్నారు అని. నాకు అసలు ప్రశ్న అదే అనిపించింది. ఆ ఐదు లక్షలు చింతపండులో పెడితే ఏమవుతుంది? గింజ తీయడానికి పది పదిహేను మంది ఆడవాళ్లకు రెండు నెలలు పని. గింజ తీసిన సరుకు ధర వేరు. గోదాం నిండుతుంది, ఆటోవాడికి బేరం దొరుకుతుంది. అదే వీధిలో, అదే డబ్బు. రిస్కు లేదనను, ఒక్కో ఏడాది కాపు ఎక్కువై ధర పడిపోతుంది, వానకు సరుకు నల్లబడుతుంది. అందుకే మొత్తం సొంత డబ్బు పెట్టొద్దు. కేంద్రం ముద్ర పథకంలో తరుణ్ అనే తరగతి కింద పది లక్షల దాకా తాకట్టు లేకుండా వ్యాపారానికి ఇస్తారు. క్యాష్ క్రెడిట్‌గా అడుగు, నెల నెలా కిస్తీ కట్టే టర్మ్ లోన్‌గా వద్దు. సీజన్లో తీసి, సరుకు అమ్మగానే కట్టేస్తే వాడిన రోజులకే వడ్డీ పడుతుంది. కొండ మీది వాళ్లకు సంతలో అడ్వాన్సులిచ్చి పంట ముందే కట్టేసే పాత పద్ధతి మాత్రం మళ్లీ మొదలుపెట్టకు. సరుకు చూసి, ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, డబ్బిచ్చి కొను.

బ్యాంకు మేనేజరు అడిగేది రెండే: రెండేళ్ల అమ్మకాల లెక్క, జీఎస్టీ కాగితాలు. మీ నాన్నగారు ఖాతా పుస్తకంలో రాసుకున్నదంతా బ్యాంకు కంటికి కనిపించదు. కాబట్టి ఈ సీజన్ నుంచే అమ్మకం డబ్బు కరెంట్ అకౌంట్‌లో వేయండి, సగమైనా సరే. గోదాం అద్దె ఎంత, మార్చి, ఏప్రిల్‌లో కిలో ఎంతకు కొంటున్నారు, దసరాకు ఎంతకు అమ్ముతున్నారు, ఈ మూడూ కింద రాయి. ఎంత లిమిట్ అడగాలో లెక్క వేసి చెబుతాను.